"పర్మిషన్ డినైడ్"కు 777 మందు కాదు: డేటా పైప్‌లైన్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి రెండున్నరకు ఫోను మోగింది. డేటా పైప్‌లైన్లు, అంటే డేటాను తెచ్చి రిపోర్టులకు అందించే ప్రోగ్రామ్‌ల వరుసలు నడిపే మా బృందంలో చేరి ఆరు నెలలైన అమ్మాయి. ఆ వరుసలో ఒక్కో ప్రోగ్రామ్‌నే మేం జాబ్ అంటాం. "సార్, అన్నింటికీ 777 ఇచ్చేశాను. అయినా జాబ్ ఫెయిలవుతోంది" అంది. గొంతు వణుకుతోంది. తెల్లారేసరికి రిపోర్టులు వెళ్లాలి. ఆమెను నేను ఒక్క మాట కూడా అనలేదు. 777 అంటే ఫైలుకో డైరెక్టరీకో (ఫోల్డర్‌కు) ఇచ్చే అనుమతుల అంకె, దాన్నే మోడ్ అంటారు. మూడు అంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, మిగతావారికి; చదవడానికి 4, రాయడానికి 2, ఎగ్జిక్యూట్‌కు 1 కలిపితే 7, అంటే అన్నీ. ఆ 777 ఆమె కనిపెట్టినది కాదు. సీనియర్ల నుంచి జూనియర్లకు, ఒక వాట్సాప్ గ్రూపు నుంచి మరో గ్రూపుకు చేతులు మారుతూ వస్తున్న చిట్కా అది. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ ఒక్క అపోహ పాడుచేసినన్ని రాత్రులు మిగతా అపోహలన్నీ కలిసినా పాడుచేయలేదు.

అపోహ: అనుమతి లేదంటోంది కాబట్టి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ముందు ఎర్రర్‌ను చివరిదాకా చదవాలి. మా డేటా ఉన్న హడూప్ (చాలా మెషీన్లను కలిపి భారీ డేటాను దాచే వ్యవస్థ) ఈ విషయంలో చాలా మేలు చేస్తుంది. ఏ యూజర్ అడిగాడు, చదవబోయాడా రాయబోయాడా లోపలికి వెళ్లబోయాడా, ఏ డైరెక్టరీ దగ్గర ఆగింది, దాని యజమాని ఎవరు, గ్రూపు ఏది, మోడ్ ఎంత అన్నదంతా ఒక్క వరుసలో చెప్పేస్తుంది. ఆ రాత్రి నేను అడిగింది ఒక్కటే: "ఆ వరుస మొత్తం నాకు చదివి వినిపించమ్మా."

చదివింది. యూజర్ దగ్గర ఆమె పేరు లేదు, జాబ్‌లను వేళకు నడిపే షెడ్యూలర్ వాడే సర్వీస్ అకౌంట్ (మనుషులకు కాక ప్రోగ్రామ్‌లకు పెట్టిన అకౌంట్) పేరు ఉంది. సాయంత్రం చేత్తో నడిపితే నడిచిన జాబ్ రాత్రి ఎందుకు ఆగిందో అక్కడే తెలిసిపోయింది. "నేను నడిపితే బాగానే నడుస్తోంది" అన్న మాట మీకు అనుమతి ఉందని మాత్రమే రుజువు చేస్తుంది, జాబ్‌కు ఉందని కాదు. ఇక ఆగిన చోటు ఆమె 777 ఇచ్చిన డైరెక్టరీల్లో ఏదీ కాదు. వాటికి రెండు మెట్లు పైన, వేరే బృందం చేతిలో 750 మోడ్‌తో, అంటే బయటివారికి ఏ అనుమతీ లేకుండా ఉన్న డైరెక్టరీ. డైరెక్టరీకి ఎగ్జిక్యూట్ అంటే దాన్ని దాటి లోపలికి వెళ్లే అనుమతి. వీధి గేటుకు తాళం వేసి ఉంటే లోపలి గదుల తలుపులు ఎంత బార్లా తీసినా ఏం లాభం? అడ్మిన్‌ను లేపి, ఆ ఒక్క డైరెక్టరీ మీద ఆ ఒక్క సర్వీస్ అకౌంట్‌కు ఎగ్జిక్యూట్ మాత్రం ఏసీఎల్‌లో (ఎవరికి ఏ అనుమతో విడివిడిగా రాసే జాబితాలో) చేర్పించాం. నిమిషం పని.

మామూలు లినక్స్ సర్వర్ ఇంత వివరంగా చెప్పదు. అక్కడ నేమ్‌ఐ అనే కమాండ్‌కు మైనస్ ఎల్ చేర్చి ఫైలు దారి ఇవ్వండి. రూట్ నుంచి ఫైలు దాకా ఒక్కో మెట్టు యజమానినీ అనుమతులనూ వరుసగా చూపిస్తుంది. కొత్తగా గ్రూపులో చేర్చిన అకౌంట్‌తో అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. లేకపోతే దానికి పాత గ్రూపులే ఉంటాయి.

"మరి 777 ఇచ్చినప్పుడు చాలాసార్లు పని అవుతుంది కదా" అంటారు. అవుతుంది, ఈరోజుకు. రేపటి తేదీతో పుట్టే డైరెక్టరీ ఉమాస్క్ (కొత్తవాటి మోడ్‌లోంచి ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) ప్రకారమే పుడుతుంది. ఉమాస్క్ 022 అయితే దాని మోడ్ 755, అంటే రాసే అనుమతి యజమానికే. వేరే అకౌంట్‌తో అందులో రాయాల్సిన జాబ్ రేపు రాత్రి మళ్లీ ఆగుతుంది. ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. ఫైలును తొలగించడానికి కావలసింది ఆ ఫైలు మీద అనుమతి కాదు, అది ఉన్న డైరెక్టరీలో రాసే అనుమతి. డైరెక్టరీకి 777 ఇచ్చి స్టికీ బిట్ (ఇతరుల ఫైళ్లను తొలగించనివ్వని గుర్తు) పెట్టకపోతే, లోపలి ఫైలును 444 (చదవడానికి మాత్రమే) చేసి దాచుకున్నా ఎవరైనా తీసేయగలరు. దారి తప్పు రాసిన ఒక్క క్లీనప్ జాబ్ చాలు, మీ నెల డేటా పోవడానికి.

చాలామందికి తెలియని సంగతి: అనుమతి ఎక్కువైనా పని ఆగుతుంది. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక కుర్రవాడు సర్వీస్ అకౌంట్ హోమ్ డైరెక్టరీ మొత్తానికి 777 ఇచ్చాడు. ఆ రాత్రి నుంచి బయటి సంస్థల ఫైళ్లు తెచ్చే ఎస్‌ఎఫ్‌టీపీ జాబ్‌లన్నీ ఆగిపోయాయి. ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది ఎస్‌ఎస్‌హెచ్ మీద; లాగిన్‌కు పాస్‌వర్డ్ బదులు ఆ హోమ్ డైరెక్టరీలోని ప్రైవేట్ కీ ఫైలు వాడేది. ఇతరులు చదవగలిగే ప్రైవేట్ కీని ఎస్‌ఎస్‌హెచ్ వాడదు, పక్కన పెట్టేస్తుంది. ఎర్రర్‌లో పర్మిషన్ అన్న మాట కనబడగానే అతను మళ్లీ 777 ఇచ్చాడు. రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు రాజీనామా రాసుకుని వచ్చాడు. కీకి 600, దాని డైరెక్టరీకి 700, అంటే యజమానికి మాత్రమే అనుమతి పెట్టగానే అన్నీ నడిచాయి. అనుమతి తగ్గించడం కూడా పరిష్కారమని అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, అతని మీద కాదు, చిట్కాలు పంచేవాళ్ల మీద.

అపోహ: జాబ్ నెమ్మదించిందంటే మెమరీ, మెషీన్లు పెంచాలి.

వాస్తవం: స్పార్క్ (డేటా పనిని చాలా మెషీన్లకు పంచి చేసే సాధనం) యూఐలో, అంటే దాని తెర మీద, నెమ్మదించిన స్టేజ్ (జాబ్‌లో ఒక దశ) తెరిచి, అందులోని టాస్కుల (మెషీన్లకు పంచిన ముక్కల) సమయాల్లో మధ్యస్థం ఎంతో, గరిష్ఠం ఎంతో చూడండి. 199 టాస్కులు నిమిషంలో ముగిసి ఒక్కటే గంటసేపు నడుస్తుంటే మెషీన్లు పెంచినా అవి ఖాళీగా కూర్చుంటాయి. డేటా అంతా ఒకే కీ (వరుసలను ఒకచోట చేర్చడానికి వాడే విలువ) కింద పోగుపడిందన్నమాట. ఆ కీ చాలాసార్లు నల్ (ఖాళీ విలువ) అయి ఉంటుంది. అవసరం లేని నల్ వరుసలను జాయిన్‌కు (రెండు పట్టికలను కలిపే పనికి) ముందే తీసేయండి. స్పార్క్ 3.2 నుంచి అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ (జాబ్ నడుస్తుండగానే పని పంపకాన్ని సర్దే సదుపాయం) దానంతటదే ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇక చింత లేదని కొందరు చెబుతున్నారు. అది పోగుపడిన భాగాలను విడగొట్టేది జాయిన్లలో. గ్రూప్‌బైలో (కీల వారీగా లెక్కలు కట్టేటప్పుడు) ఆ పని మీరే చేసుకోవాలి.

అపోహ: ఎస్3 (అమెజాన్ క్లౌడ్ నిల్వ) 403 ఎర్రర్ ఇచ్చిందంటే అనుమతి లేనట్టే.

వాస్తవం: ఫైలే లేకపోవచ్చు. బకెట్ (ఎస్3లో ఫైళ్లు ఉంచే చోటు) జాబితా చూసే అనుమతి లేనివారికి ఎస్3 లేని ఫైలుకు కూడా 404 (దొరకలేదు) బదులు 403 ఇస్తుంది. దారిలో అక్షరం తప్పిందేమో ముందు చూడండి.

అపోహ: కంటైనర్‌లోనూ (ప్రోగ్రామ్‌ను దాని సరంజామాతో విడిగా నడిపే పెట్టెలోనూ) బయటా యూజర్ పేరు ఒకటే కాబట్టి అనుమతులూ ఒకటే.

వాస్తవం: లినక్స్ చూసేది నంబరును. జాబ్‌లను వేళకు నడిపే ఎయిర్‌ఫ్లో అధికారిక ఇమేజ్‌లో (కంటైనర్ మూసలో) యూజర్ నంబరు 50000. బయట మీ లాగ్ డైరెక్టరీ యజమాని నంబరు 1000 అయితే పేరు కలిసినా రాయనివ్వదు.

ఆ రాత్రి జాబ్ నాలుగు దాటాక పూర్తయింది. అసలు కష్టం మర్నాడు మొదలైంది. 777 ఇచ్చాక పాత మోడ్ ఏమిటో సులువుగా దొరకదు. ఏయే డైరెక్టరీల మోడ్ మారిందో హడూప్‌లో ఫైళ్ల లెక్క చూసే నేమ్‌నోడ్ ఆడిట్ లాగ్‌లో దొరికింది, అంతకుముందు ఎంత ఉండేదో దొరకలేదు. మొత్తం ముప్పై ఒక్క డైరెక్టరీలు. ఆమె, నేను పక్కపక్కన కూర్చుని, పరీక్షల కోసం విడిగా ఉన్న టెస్ట్ క్లస్టర్‌తో (మెషీన్ల గుంపుతో) ఒక్కోటి పోల్చి చూసి సాయంత్రానికి వెనక్కి మార్చాం. మార్చేముందు అనుమతులు చూపించే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌కు మైనస్ ఆర్ (పెద్ద అక్షరం) చేర్చి ఆ జాబితాను ఒక ఫైలులో దాచుకుని ఉంటే అరగంటలో అయిపోయేది. ఇప్పుడు ఆ కమాండ్ చీటీ మీద రాసి ఆమె డెస్కుకు అంటించి ఉంది.