కుక్కపిల్ల మోకాలికి ఆపరేషన్ అవసరమా?

ఏడెనిమిది నెలల కుక్కపిల్ల పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఒక వెనక కాలు పైకెత్తుతుంది. రెండు మూడు అడుగులు మూడు కాళ్ళ మీదే గెంతి, ఆ కాలిని ఒకసారి వెనక్కి జాడించి, ఏమీ జరగనట్టు మళ్ళీ పరుగందుకుంటుంది. ఒక పశువైద్యుడు మోకాలి చిప్ప జారుతోందనీ, ఆపరేషన్ చేయించడం మంచిదనీ అంటారు. ఇంకొకరు అదే కాలిని చూసి, తొందరేమీ లేదు, కొన్నాళ్ళు గమనిద్దామంటారు. వీరిలో ఎవరి మాట వినాలని ఒక పాఠకురాలు అడిగారు.

ఇద్దరి మాటల్లోనూ తప్పుండకపోవచ్చు. ఎదిగిన కుక్క విషయంలో మోకాలు ఇప్పుడెలా ఉందో తెలిస్తే చాలావరకు సరిపోతుంది. ఎదుగుతున్న కుక్క విషయంలో మాత్రం అది మరో ఆరు వారాలకు ఎలా మారబోతోందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఎముకలు ఇంకా పొడవవుతూనే ఉంటాయి కాబట్టి, ఆ ఎదుగుదల కొన్ని లోపాలను ఉన్నచోటే ఉంచుతుంది, కొన్నింటిని వారాల వ్యవధిలోనే దిద్దుబాటుకు లొంగనంతగా ముదరబెడుతుంది. ఏ లోపం ఏ దారి పడుతుందో తెలియాలంటే మోకాలు పనిచేసే తీరును కొంత ఓపికగా చూడాలి.

తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం కిందికి వచ్చేసరికి బలమైన పట్టీగా మారి, మోకాలి మీదుగా దిగి, టిబియా అనే కింది కాలి ఎముక ముందున్న బొడిపెకు అతుక్కుంటుంది. ఆ పట్టీలో పొదిగి ఉన్న చిన్న ఎముకే మోకాలి చిప్ప. తొడ ఎముక కింది చివర దాని కోసం ఒక గాడి ఉంటుంది, కాలు ముడిచినా చాచినా చిప్ప ఆ గాడిలోనే పైకీ కిందికీ జారుతుంది. బావి గిలక మీద చేంతాడు నడిచే తీరు చూసినవారికి ఈ ఏర్పాటు వెంటనే బోధపడుతుంది. తాడు పక్కకు జారకుండా ఉండాలంటే గిలక గాడి తగినంత లోతుగా ఉండాలి, లాగే మనిషి గిలకకు ఎదురుగా నిలబడాలి. లోతు లేని గాడిలో నేరుగా లాగినా తాడు నిలవదు. గాడి లోతుగానే ఉన్నా మనిషి పక్కకు జరిగి లాగితే తాడు అంచెక్కుతుంది. పమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, టాయ్ పూడిల్ వంటి చిన్న జాతుల్లో తరచుగా ఈ రెండు లోపాలూ కలిసే ఉంటాయి. గాడి లోతు తక్కువగా ఉంటుంది, టిబియా బొడిపె లోపలి వైపుకు తిరిగి ఉంటుంది, దాంతో చిప్ప లోపలి అంచు దాటి పక్కకు పడుతుంది. కుక్క కాలు వెనక్కి జాడించినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకుని, చిప్ప మళ్ళీ గాడిలోకి వస్తుంది. ఇంట్లో వాళ్ళకు చిలిపి గెంతులా కనిపించే ఆ కదలిక నిజానికి కుక్క తన చిప్పను తానే సరిచేసుకోవడం.

ఇక్కడే అసలు విశేషం ఉంది. ఈ గాడి పుట్టుకతోనే పూర్తిగా ఏర్పడి ఉండదు, ఎదిగే వయసులో చిప్ప నొక్కుతూ కదులుతూ ఉంటేనే మృదులాస్థి ఆ ఒత్తిడికి లోబడి లోతెక్కుతుంది. అంటే గిలక మీది గాడిని చాలావరకు తాడే తయారుచేసుకుంటుంది. తాడు పక్కకు పడిపోయిన గిలకకు గాడి ఏర్పడదు, గాడి ఏర్పడని గిలక మీద తాడు నిలవదు. ఈ విషవలయం గాడితో ఆగదు. ఎముక పొడవు పెరిగేది చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్లు అనే మృదులాస్థి పొరల దగ్గర. ఆ పొరల మీద ఎక్కువ ఒత్తిడి పడినచోట ఎదుగుదల మందగిస్తుందని, ఒత్తిడి తగ్గినచోట వేగం పుంజుకుంటుందని 19వ శతాబ్దపు జర్మన్ వైద్యులు హ్యూటర్, ఫోక్‌మన్ గమనించారు. చిప్పతోపాటు కండరం మొత్తం లోపలి వైపుకు జరిగిపోయినప్పుడు తొడ ఎముక లోపలి పక్క నొక్కుకుపోయి నెమ్మదిగానూ, బయటి పక్క స్వేచ్ఛగానూ పెరుగుతాయి. ఫలితంగా తొడ ఎముక కింది భాగం బయటికి వంగుతుంది, టిబియా లోపలికి మెలితిరుగుతుంది, లాగే మనిషి గిలకకు ఇంకా పక్కకు జరిగిపోతాడు. లోపం బాగా ముదిరిన పిల్లల్లో చిప్ప ఎంత పక్కకు, ఎంత వెనక్కి పోతుందంటే, కాలిని చాచవలసిన కండరమే దాన్ని ముడవడం మొదలుపెడుతుంది. అలాంటి పిల్ల వెనక కాళ్ళు చాచలేక చతికిలబడినట్టు నడుస్తుంది.

పశువైద్య విద్యార్థులు ఈ లోపాన్ని నాలుగు గ్రేడ్లుగా చదువుకుంటారు. వేలితో నెట్టితే పక్కకు వెళ్ళి, వదిలేయగానే తిరిగొచ్చేది మొదటి గ్రేడ్. అప్పుడప్పుడు తనంతట తానే జారి, తిరిగి సర్దుకునేది రెండవది. ఎక్కువ సమయం పక్కనే ఉండి, చేత్తో పెడితే లోపలికి వచ్చినా అక్కడ నిలవనిది మూడవది. చేత్తో పెట్టినా లోపలికి రానిది నాలుగవది. పట్టిక చక్కగా ఉంది, పరీక్షకూ అనువుగా ఉంది. దానితో వచ్చే చిక్కు ఏమిటంటే, అది చిప్ప ఎక్కడుందో చెబుతుంది తప్ప కుక్క ఎలా ఉందో చెప్పదు. ఒకే రెండవ గ్రేడ్ కింద నెలకోసారి గెంతే కుక్కా ఉంటుంది, ప్రతి పరుగులోనూ కాలెత్తే కుక్కా ఉంటుంది. బోధనలో అంకెకు ఇచ్చే ప్రాధాన్యంలో సగమైనా నడకను చూడడానికి ఇస్తే బాగుండునని నా అభిప్రాయం.

మొదటి గ్రేడ్ ఉండి, ఎన్నడూ కుంటని కుక్కకు ఆపరేషన్ అక్కర్లేదు. మూడు, నాలుగు గ్రేడ్లున్న, ఇంకా ఎదుగుతున్న పిల్ల విషయంలో పైన చెప్పిన వలయం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎదురుచూడడం అంటే ఎముకను వంగనివ్వడమే, అక్కడ త్వరపడడమే వివేకం. మిగిలింది రెండవ గ్రేడ్. ఎక్కువ వివాదం దాని గురించే. కుంటడం వారం వారం పెరుగుతోందా, చిప్ప అంచు దాటే ప్రతిసారీ రాసుకుని మృదులాస్థి అరుగుతున్నట్టు నొప్పి గానీ గరగర గానీ ఉందా, తొడ కండరం రెండో కాలి కంటే సన్నబడిందా, ఎక్స్‌రేలో ఎముక వంపు కనిపిస్తోందా అని చూడాలి. ఇవేవీ లేని తేలికపాటి కుక్కను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటి స్పష్టంగా ఉన్నా నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. పెద్ద జాతి కుక్క అయితే ఇంకా త్వరగా మొగ్గుతాను, ఎందుకంటే బరువైన శరీరం ఈ లోపాన్ని చిన్న శరీరమంత తేలిగ్గా భరించదు. ఇంట్లో తీసిన వీడియో ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే పరీక్ష గదిలో బెదిరిపోయిన కుక్క సాధారణంగా గెంతదు.

ఆపరేషన్‌లో గాడిని లోతు చేయడం, టిబియా బొడిపెను కోసి బయటికి జరిపి పిన్నులతో బిగించడం, లోపలి వైపు బిగుసుకున్న కణజాలాన్ని వదులు చేసి బయటి వైపు వదులైనదాన్ని బిగించడం అనే పనులు కుక్కను బట్టి కలిపి చేస్తారు. గాడి ఒక్కటే లోతు చేసి లాగే దిశను సరిచేయకుండా వదిలేస్తే చిప్ప మళ్ళీ జారడానికి అవకాశం ఎక్కువ. బాగా చిన్న పిల్లల్లో గ్రోత్ ప్లేట్ తెరిచి ఉంటుంది, అంటే ఇంకా ఎదుగుతూ ఉంటుంది కాబట్టి బొడిపెను కోయడానికి వీలుండదు. ఆ వయసులో మృదులాస్థిని పొరగా లేపి, కింద కొంత తొలిచి, తిరిగి పరిచి, మెత్తటి కణజాలాన్ని సరిచేస్తారు, మిగిలిన పనిని చిప్ప ఒత్తిడికే వదిలేస్తారు.

చిన్న వయసే కదా, పెరిగితే అదే సర్దుకుంటుందన్న నమ్మకం మూడవ గ్రేడ్ పిల్లకు చేసే హాని ఇంత చెప్పాక వేరే వివరించనక్కర్లేదు. దానికి తోడన్నట్టు కాల్షియం పొడి తినిపించేవారున్నారు. చిప్ప జారేది ఎముక బలహీనపడి కాదు, లాగే దిశ తప్పి. పైగా పెద్ద జాతుల కుక్కపిల్లలు మొదటి నెలల్లో పేగుల్లోకి వచ్చిన కాల్షియంను అవసరం మేరకే తీసుకుని మిగతాది వదిలేయలేవు. అధిక కాల్షియం వాటి ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుంది.

చిప్పతో సంబంధం లేని మరో మోకాలి జబ్బు కూడా చిన్న వయసు కుక్కలను, ముఖ్యంగా లాబ్రడార్, రాట్‌వీలర్, న్యూఫౌండ్‌లాండ్ వంటి బరువైన జాతులను, ఆపరేషన్ బల్ల దాకా తీసుకువస్తుంది. అది మోకాలి లోపల తొడ ఎముకను, టిబియాను కలిపి పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ అనే పట్టీ తెగడం. మనుషుల్లో ఇది ఎక్కువగా ఆటల్లో దెబ్బ తగిలి జరుగుతుంది. కుక్కల్లో ఎక్కువ సందర్భాల్లో లిగమెంట్ నెలల తరబడి పోగు పోగుగా చివికి, చివరికి ఒక మామూలు పరుగులో తెగిపోతుంది. టిబియా పై ఉపరితలం కుక్కల్లో వెనక్కి వాలి ఉండడం దీనికి ఒక ముఖ్య కారణం. పెద్ద జాతుల్లో ఆ వాలు సగటున 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. మోకాలు ఎప్పుడూ కొంత ముడిచే నిలబడే జంతువు కాబట్టి, అడుగు వేసిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారబోతుంది, టిబియా ముందుకు తోసుకురాబోతుంది. ఆ తోపును అడ్డుకునేది లిగమెంటే. సరళంగా లెక్క వేస్తే, కీలు మీద నిలువునా 100 పాళ్ళ బలం పడితే 24 డిగ్రీల వాలు మీద దాదాపు 41 పాళ్ళు తోపుగా మారతాయి, 5 డిగ్రీల వాలు మీద 9 పాళ్ళు మాత్రమే మారతాయి. కండరాల లాగుడును కలిపితే అసలు లెక్క ఇంత తేలిక కాదు. అయినా టీపీఎల్‌ఓ అనే ఆపరేషన్ ఆలోచన ఇదే. అమెరికన్ పశువైద్యుడు బార్క్లే స్లోకమ్ 1993లో ప్రచురించిన ఈ పద్ధతిలో తెగిన లిగమెంట్‌ను అతికించరు. టిబియా పైభాగాన్ని అర్ధచంద్రాకారంగా కోసి, వాలు సుమారు 5 డిగ్రీలకు వచ్చేదాకా తిప్పి, ప్లేటుతో బిగిస్తారు.

లిగమెంట్ తెగిన ప్రతి కుక్కకూ ఇది తప్పనిసరి కాదు. 1984లో వెలువడిన ఒక పరిశీలనలో, 15 కిలోలలోపు కుక్కల్లో దాదాపు 86 శాతం ఆపరేషన్ లేకుండానే మామూలుగా గానీ మెరుగ్గా గానీ నడిచాయి. అంతకంటే బరువైన వాటిలో 20 శాతం కూడా ఆ స్థితికి చేరలేదు. బరువు తగ్గించడం ఎందుకంత కీలకమో ఈ అంకెలు చెబుతాయి.

చిన్న వయసు కుక్కలో ఈ నిర్ధారణకు రెండు మెలికలున్నాయి. వైద్యుడు ఒక చేత్తో తొడ ఎముకను, ఇంకో చేత్తో టిబియాను పట్టి ముందుకు లాగి చూసే పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న కుక్కపిల్ల మోకాలు కూడా కొద్దిగా కదులుతుంది. తేడా చివరలో తెలుస్తుంది. లిగమెంట్ ఉన్న మోకాలు ఒక్కసారిగా టక్కున ఆగిపోతుంది, తెగినది మెత్తగా సాగిపోతుంది. రెండవది, ఎదిగే వయసులో లిగమెంట్ కంటే అది అతుక్కున్న ఎముకే మెత్తన కాబట్టి, గట్టి దెబ్బ తగిలితే ఒక్కోసారి లిగమెంట్ తెగకుండా ఎముక ముక్కతో సహా ఊడివస్తుంది. త్వరగా గుర్తిస్తే ఆ ముక్కను తిరిగి బిగించే అవకాశం ఉంటుంది.

గ్రోత్ ప్లేట్లు తెరిచి ఉన్న కాలికి మామూలు టీపీఎల్‌ఓ కుదరదు. అయితే సుమారు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసులో మాత్రమే సాధ్యమయ్యే ఒక ఉపాయం ఉంది. టిబియా పై గ్రోత్ ప్లేటు ముందు భాగం గుండా ఒకే ఒక స్క్రూ బిగించి, అక్కడి ఎదుగుదలను ఆపేస్తారు. వెనక భాగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, వెనక్కి వాలిన ఉపరితలం నెల నెలా పైకి లేచి, ఎముకను కోయకుండానే వాలు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉందో దాని మీద ఆధారపడుతుంది. అందువల్ల వైద్యులు మధ్యమధ్య ఎక్స్‌రేలు తీసి వాలు కొలుస్తూ ఉంటారు. ఎదుగుదల ముగింపుకు వచ్చాక అదే స్క్రూ బిగించినా వాలులో మార్పేమీ రాదు.