ఫోన్ ఎవరు ఎత్తాలి?

తుపాకీ కొనాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి, నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యేదాకా షాపువాడు దాన్ని చేతికివ్వకూడదు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర ఓటర్లు 2022 నవంబరులో గెలిపించిన 114వ ప్రతిపాదన ఇది. గెలిచిందన్న మాటే గానీ, ఏళ్ల తరబడి కోర్టుల్లోనే నలిగింది. ఓటేసిన చట్టం అమలు కాదేం అన్న ప్రశ్న మరో రాష్ట్రం నెవాడా వాళ్లకు మాత్రం పాతదే.

తుపాకీ కొనేవారి నేరచరిత్ర చూడాలనే 1993 నాటి బ్రేడీ చట్టం దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం. లైసెన్సున్న డీలరు తనిఖీ చేయాలి, అప్పుడప్పుడూ అమ్ముకునే ప్రైవేటు మనిషికి ఆ బాధ్యత లేదు. ఈ సందును మూసే బిల్లును నెవాడా శాసనసభ 2013లోనే పంపితే గవర్నర్ సాండవాల్ వీటో చేశారు. దాంతో మద్దతుదారులు నేరుగా ప్రజల దగ్గరికే వెళ్లారు. 2016 నవంబరులో 'క్వశ్చన్ 1' అనే ప్రతిపాదన పది వేలలోపు ఓట్ల తేడాతో గట్టెక్కింది. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఒక్కటే దాన్ని ఒడ్డుకు చేర్చింది.

అసలు ముడి చట్టం పాఠంలోనే పడింది. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి డీలరు కౌంటర్ దగ్గరికి రావాలి, డీలరు తనిఖీకి ఫోన్ చేయాలి. ఎవరికి? అప్పటిదాకా నెవాడా డీలర్లు రాష్ట్ర రికార్డుల కేంద్రానికి చేసేవారు, ఫీజు 25 డాలర్లు. కొత్త చట్టం మాత్రం రాష్ట్ర కేంద్రానికి కాదు, నేరుగా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకే చేయాలంది. రాష్ట్ర ఖజానా మీద భారం కనపడకుండా అలా రాశారన్నది ప్రత్యర్థుల మాట.

డిసెంబరు 14న ఎఫ్‌బీఐ నుంచి ఉత్తరం వచ్చింది. తమ వనరులను ఎలా వాడాలో ఒక రాష్ట్ర చట్టం శాసించలేదని సారాంశం. 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు బ్రేడీ తనిఖీల పని స్థానిక షెరీఫుల (కౌంటీ పోలీసు అధికారుల) నెత్తిన రుద్దే అధికారం కేంద్రానికి లేదంది. ఇప్పుడు అదే వాదన తిరగబడి రాష్ట్రానికి తగిలింది. రెండు వారాల్లో నెవాడా అటార్నీ జనరల్ లక్సాల్ట్ చట్టం అమలు సాధ్యం కాదని తేల్చేశారు.

మద్దతుదారులు ఊరుకోలేదు. కొన్ని రాష్ట్రాల్లో చేతితుపాకుల తనిఖీ రాష్ట్రం, మిగతావి ఎఫ్‌బీఐ చూసుకుంటున్నాయి కదా, అలాంటి ఏర్పాటు కోసం గట్టిగా అడిగారా అని నిలదీశారు. 2017 అక్టోబరు 1న లాస్ వేగస్ సంగీతోత్సవంపై కాల్పులు జరిగాక దావా కూడా వేశారు. (ఆ హంతకుడు తనిఖీలు దాటే తుపాకులు కొన్నాడు, ఈ చట్టం అతణ్ణి ఆపేది కాదు. అయినా జనం అడిగింది దీని గురించే.) 2018 ఆగస్టులో జడ్జి దావా కొట్టేశారు.

ప్రజలు చేసిన చట్టాన్ని మూడేళ్లపాటు శాసనసభ ముట్టుకోకూడదన్నది నెవాడా రాజ్యాంగ నియమం. అందుకే గవర్నర్ సిసోలాక్ 2019 ఫిబ్రవరి 15న సంతకం చేసిన కొత్త చట్టం 2020 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు. అందులో మారిన ముఖ్యమైన సంగతి ఒకటే: ఫోన్ మళ్లీ రాష్ట్ర కేంద్రానికే.

ఆరెగాన్‌లో పర్మిట్ ఇవ్వాల్సింది స్థానిక పోలీసు అధిపతి, లేదా కౌంటీ షెరీఫ్. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లు కూడదన్న నిబంధన కూడా ఆ ప్రతిపాదనలో ఉంది. ఓట్ల లెక్కింపు ముగిసిన రోజుల్లోనే దాన్ని తాము అమలు చేయబోమని ఆ షెరీఫుల్లోనే కొందరు బాహాటంగా ప్రకటించారు.