దెయ్యం పట్టిందంటూ వచ్చేవాళ్లు: ఒక సైకియాట్రిస్ట్ రాస్తున్న అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో సైకియాట్రిస్టుని. మొదటిసారి నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో చాలామందికి మెడలోనో, దండకో, నడుముకో తాయెత్తు కట్టి ఉంటుంది. అప్పటికే ఒకరిద్దరు భూతవైద్యుల చుట్టూ తిరిగి, అప్పు చేసి ఖర్చు పెట్టి, చివరికి ఎవరో చెబితే ఇటు వస్తారు. వాళ్లను నేను తప్పు పట్టను. కన్నబిడ్డ కళ్ల ముందే వేరే గొంతుతో మాట్లాడితే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. కానీ అలా తిరగడంలో పోయే రోజులు కొన్ని జబ్బుల్లో ప్రాణం మీదికి తెస్తాయి. నా బాధంతా దాని గురించే. ఇందులో వచ్చే మనుషులను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

అపోహ: రాత్రిపూట దెయ్యం వచ్చి గుండెల మీద కూర్చుంటుంది

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే కోచింగ్ పిల్లలు, నైట్ షిఫ్టులు చేసేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. ఒక అబ్బాయి ఇలా చెప్పాడు: "మెలకువ వచ్చింది మేడమ్. ఫ్యాన్ తిరగడం కనిపిస్తోంది, పక్క మంచం మీద ఫ్రెండ్ గురక వినిపిస్తోంది. తలుపు దగ్గర నల్లగా ఎవరో నిలబడ్డారు. మెల్లగా వచ్చి ఛాతీ మీద కూర్చున్నారు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు." ఆ రూమ్‌లో ఇంతకుముందు ఎవరో ఉరేసుకున్నారని వాచ్‌మన్ చెప్పాడట. గుమ్మానికి నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కట్టారు. ఆ రోజు నుంచి రూమ్‌లో ఉండే ముగ్గురూ లైటు వేసుకునే పడుకుంటున్నారు.

వాస్తవం: ఆ అబ్బాయికి కనిపించింది నిజంగానే కనిపించింది, అబద్ధం చెప్పలేదు. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటాం. కలలు వచ్చే నిద్రలో మెదడు మన ఒంటి కండరాలను వదులు చేసేస్తుంది. లేకపోతే కలలో పరిగెడితే మంచం మీంచి కూడా లేచి పరిగెడతాం. ఒక్కోసారి ఆ పట్టు వదలకముందే మెలకువ వచ్చేస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి కానీ కల ఇంకా అయిపోదు, శరీరం కదలదు. ఛాతీ కండరాలు కూడా వదులుగానే ఉంటాయి కాబట్టి, గట్టిగా ఊపిరి తీసుకోబోతే ఎవరో నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఊపిరి ఆగదు. కొన్ని సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో అదే వదిలేస్తుంది.

నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. నిద్ర తక్కువైనా, వేళాపాళా లేకుండా పడుకున్నా, వెల్లకిలా పడుకున్నా వచ్చే అవకాశం ఎక్కువ. అంటే భయపడి లైటు వేసుకుని నిద్ర పాడుచేసుకుంటే మళ్లీ వస్తుంది, దాంతో రూమ్‌లో ఏదో ఉందన్న అనుమానం ఇంకా బలపడుతుంది. పక్కకు తిరిగి పడుకోండి, రోజూ ఒకే టైముకు పడుకోండి. వచ్చినప్పుడు ఒళ్లంతా కదపాలని పెనుగులాడకుండా ఒక్క కాలి వేలు కదపడానికి ప్రయత్నించండి. పగలు కూడా ఆపుకోలేని నిద్ర వస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

అపోహ: కొన్ని చోట్ల దెయ్యాలు ఉంటాయి, గోల్కొండలో ఇప్పటికీ గజ్జెల చప్పుడు వినిపిస్తుంది

వాస్తవం: గోల్కొండలో చప్పుడు వినిపిస్తుంది, ఆ మాట నిజమే. కోట ముఖద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే ఎక్కడో పైన బాలాహిస్సార్‌లో వినపడుతుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలియాలని కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పద్ధతి అది. ఎక్కడో పుట్టిన చప్పుడును మన పక్కనే పుట్టినట్టు వినిపించే గోడలవి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు చేతికి చిక్కిన కోట కాబట్టి ప్రతి మూలకూ ఒక కథ ఉంది. ఆ కాలపు నర్తకి తారామతి కథ విని మెట్లెక్కినవాడికి ఆ చప్పుడు గజ్జెల్లా వినిపించడంలో వింతేముంది?

పాత ఇళ్ల విషయంలో నాకు బాధ కలిగించేది వేరే. హైదరాబాద్ కుందన్‌బాగ్‌లో ఫలానాది దెయ్యాల ఇల్లు అంటూ కుర్రాళ్లు అర్ధరాత్రి కెమెరాలు పట్టుకుని పోతారు. ఆ కథ వెనక ఉన్నది ఒక కుటుంబం చావు. మనుషులు చనిపోయిన ఇంటిని వ్యూస్ కోసం తొక్కడం తప్పు. చుట్టుపక్కల వాళ్లకూ అది నరకం.

చింతచెట్టు కింద దెయ్యం లేదని చెప్పడానికి చదువుకున్నవాళ్లు ఇంకో అపోహ అందుకుంటారు: రాత్రి చెట్టు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అందుకే ఊపిరాడక దెయ్యం అనుకుంటారని. ఆరుబయట ఆ గాలి చెదిరిపోతుంది, ఊపిరాడకుండా చేసేంతగా పోగవదు. గాలి వల్ల నిజంగా ప్రమాదం ఉండేది మూసిన గదుల్లో. వెలుతురు, గాలి లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్, చలికాలం తలుపులేసుకుని పెట్టుకునే బొగ్గుల కుంపటి కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. తలనొప్పి, మతి తడబడటం, లేనివి కనబడటం, చివరికి స్పృహ తప్పడం దాని పని. దెయ్యాల ఇల్లనుకుని ఒక కుటుంబం వణికిపోయిన సంగతి 1921లో అమెరికాలో ఒక కంటి డాక్టరు వైద్య పత్రికలో రాశాడు. తీరా చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి పాడై గ్యాస్ లోపలికి వస్తోంది. ఇంట్లో అందరికీ ఒకేసారి ఇలా మొదలైతే ముందు కిటికీలు తెరిచి బయటికి రండి.

అపోహ: దెయ్యం పట్టిందంటే పిచ్చి అయినా అయ్యుండాలి, నాటకం అయినా అయ్యుండాలి

పెళ్లయిన ఏడాదికి ఒకమ్మాయిని తీసుకొచ్చారు. సాయంత్రం కాగానే జుట్టు విరబోసుకుని, చనిపోయిన అత్తగారి గొంతుతో మాట్లాడుతుంది, భర్తను "ఒరేయ్" అంటుంది. పావుగంట తర్వాత ఏమీ గుర్తుండదు. "గాలి తగిలింది డాక్టరమ్మా, అమావాస్యకు బాగా ఎక్కువైతుంది" అని తల్లి ఏడుస్తోంది. "అంతా యాక్షన్" అని ఆడబిడ్డ. అందరినీ బయట కూర్చోబెట్టి ఆ అమ్మాయితో మాట్లాడితే, మామూలుగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో తన మాట ఎవరూ వినరని, చదువు మధ్యలో ఆపేశారని తెలిసింది. అత్తగారు మాట్లాడినప్పుడు మాత్రం అందరూ చేతులు కట్టుకుని వింటారు.

వాస్తవం: ఇది నాటకం కాదు. కావాలని తెచ్చుకునేది కాదు, ఆపమంటే ఆగేదీ కాదు. బయటికి చెప్పుకునే దారి లేని బాధలో మనసు కాసేపు తన ఉనికి నుంచి విడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీనికి చోటుంది. ఆమెకు ఎక్కువ మందులు అవసరం పడలేదు. భర్తను కూర్చోబెట్టి మాట్లాడటం, వచ్చినప్పుడు చుట్టూ జనం మూగకుండా చూడటం, చదువు మళ్లీ మొదలుపెట్టడం చాలావరకు పని చేశాయి.

ఆషాఢంలో బోనాల పూనకాన్ని దీంతో కలపకండి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెప్పే ఆమెకు జబ్బేమీ లేదు. అది ఆ వేళకు, ఆ చోటుకు కట్టుబడి వచ్చి పోతుంది, దానివల్ల ఎవరి బతుకూ ఆగిపోదు. వేళ కాని వేళ వస్తూ, మనిషిని వంటకూ, ఉద్యోగానికీ పనికిరాకుండా చేసినప్పుడే మా దాకా రావాలి.

అపోహ: ఉన్నట్టుండి మనిషి మారిపోతే చేతబడే

వాస్తవం: మిగతావి మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఏ మానసిక సమస్యా లేని పిల్ల వారం పది రోజుల్లో నిద్ర మానేసి, తనలో తాను మాట్లాడుతూ, నోరు వంకరలు తిప్పుతూ, కర్రలా బిగుసుకుపోతుంటే, జ్వరమో ఫిట్సో తోడైతే, అది మెదడు వాపు కావచ్చు. 2007లో డాక్టర్లు గుర్తించిన యాంటీ ఎన్‌ఎమ్‌డీఏ ఎన్‌సెఫలైటిస్ అనే జబ్బు అచ్చంగా ఇలాగే ఉంటుంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది, కొందరిలో అండాశయంలో గడ్డ దీనికి కారణం. శరీరాన్ని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు మీద పడతాయి. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. త్వరగా చికిత్స మొదలుపెడితే ఎక్కువమంది కోలుకుంటారు. వేపమండలతో కొట్టించుకుంటూ మూడు అమావాస్యలు గడిపేస్తే మాత్రం ఏమవుతుందో నేను చూశాను. ఇలాంటి మార్పు కనిపిస్తే అదే రోజు న్యూరాలజిస్టు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: చనిపోయినవాళ్లు కనిపిస్తే వాళ్ల ఆత్మకు శాంతి లేనట్టే

వాస్తవం: ముప్పై ఏళ్లు కలిసి బతికిన మనిషి పోయాక కుర్చీలో కూర్చున్నట్టు కనబడటం, పిలిచినట్టు వినబడటం చాలామందికి జరిగేదే. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం వేల్స్‌లో ఒక డాక్టరు అడిగితే భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లలో దాదాపు సగం మంది ఇదే చెప్పారు. జబ్బు కాదు, శాంతిపూజ చేయించకపోతే వచ్చే అరిష్టమూ కాదు. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లకు తెలియని మనుషులు, పిల్లలు కనబడుతున్నారంటే ముందు కంటి డాక్టరుకు చూపించండి.

అపోహ: కొడితే, పొగ పెడితే దెయ్యం దిగుతుంది

వాస్తవం: దెబ్బ తగిలేది మనిషికే. మిరపపొగ పోయేది మనిషి ఊపిరితిత్తుల్లోకే. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. దర్గాలో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసినవాళ్లు వాళ్లు, పరిగెత్తడానికి లేకపోయింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

గుడికి వెళ్లొద్దని, దర్గాకు పోవద్దని నేను ఎవరికీ చెప్పను. తాయెత్తు తీసేయమనీ అనను. మొక్కు మొక్కుకోండి, మాత్ర కూడా వేయండి. మాత్ర మానేయమని, మనిషిని కట్టేయమని, కొట్టాలని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి అనే ముద్ర పడుతుందని జంకేవాళ్లు, ఏ డాక్టరుకు చూపించాలో తేల్చుకోలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, జ్వరం, ఫిట్స్ ఉన్నాయా, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు అనేవి కాగితం మీద రాసుకుని చేస్తే అవతలివాళ్లకు చెప్పడం తేలికవుతుంది.