ఢిల్లీ డీజిల్ బండికి ఇక్కడ పన్ను: 2016 నాటి ఉత్తర్వుతో మొదలైన చిక్కు

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల యజమానులపై కఠిన చర్యలు తీసుకోరాదని 2025 ఆగస్టు 12న ఇచ్చిన రక్షణను, సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరు 17న బీఎస్-4 (వాహనాల పొగకు పరిమితులు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణాల్లో నాలుగోది), ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానికి సంబంధించిన ఉత్తర్వే అయినా, దాని ప్రభావం అక్కడితో ఆగదు. అక్కడ తిరగనివ్వని బండి మరోచోట తిరగాలి. రాయ్‌పూర్, జగ్దల్‌పూర్, కొరాపుట్ మీదుగా సాలూరు దిగి విజయనగరం వైపు వచ్చే సెకండ్‌హ్యాండ్ డీజిల్ కార్లను కొనవచ్చా, కొంటే ఎంత పన్ను కట్టాలి, ఒకసారి ఢిల్లీలో పన్ను కట్టిన బండికి మళ్లీ ఇక్కడ ఎందుకు కట్టాలి అన్న ప్రశ్నలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మరోసారి ముందుకు వచ్చాయి.

పదేళ్ల డీజిల్ బండ్లను రాజధాని ప్రాంతంలో తిరగనివ్వరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 ఏప్రిల్ 7న ఆదేశించిన సంగతి, దాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 29న బలపరిచిన సంగతి అందరికీ తెలిసినవే. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు అసలు మలుపు ఈ రెండింటి నడుమ, 2016 జులైలో ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని ఆ నెలలో ఆదేశించిన ట్రైబ్యునల్, రెండు రోజుల తేడాతో ఒక వెసులుబాటు ఇచ్చింది. పదిహేనేళ్లు దాటనివాటికి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, ఇవ్వవచ్చునని, అయితే గాలి బాగా వీచి పొగ త్వరగా చెదిరిపోయే, వాహనాల రద్దీ తక్కువగా ఉండే ప్రాంతాలకే ఇవ్వాలని చెప్పింది. ఆ ప్రాంతాలను రాష్ట్రాలు గుర్తించాలని కూడా అన్నది. దేశంలో పాత డీజిల్ బండి ప్రయాణం ఎటు సాగాలో నిర్ణయించింది ఆ వెసులుబాటే. పెద్ద నగరం నుంచి చిన్న ఊరికి, రద్దీ ఉన్నచోటి నుంచి లేనిచోటికి బండి వెళ్లాలన్నదే అందులోని ఆలోచన. చిన్న ఊళ్లో పీల్చే గాలి సంగతి ఎవరు చూడాలో, బండితో పాటు వచ్చే పొగకు వెల ఎవరు కట్టాలో అందులో లేదు.

ఆ తర్వాత మూడేళ్లకు, 2019లో, కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించింది. గాలి నాణ్యతా ప్రమాణాలను అందుకోలేకపోతున్న నగరాల జాబితాలో మొదట మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉండగా, తర్వాత చేర్చిన ఎనిమిదింటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. రోడ్డు దుమ్ము కూడా ఇందుకు పెద్ద కారణమే కాబట్టి మొత్తం నేరాన్ని డీజిల్ మీద వేయడం సరికాదు. అయినా డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ప్రమాణాలు అందుకోలేని జాబితాలో ఉన్న ఊళ్లను, పొగను భరించగల ఊళ్లుగా లెక్కించడం ఎంతవరకు సబబో అధికారులు ఒకసారి ఆలోచించాలి.

ఇంతవరకు చదివినవారికి ఢిల్లీ బండి అంటేనే చెడ్డదని అనిపించవచ్చు. లెక్క అంత తేలిక కాదు. బీఎస్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ రాజధాని ప్రాంతంతో కలిపి 13 నగరాల్లోనే అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. దేశమంతటికీ అవి వర్తించింది 2017 ఏప్రిల్ 1 నుంచి. బీఎస్-3 డీజిల్ కారు కిలోమీటరుకు 500 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు, 50 మిల్లీగ్రాముల నుసి (పొగలోని సన్నని రేణువులు) వదలవచ్చు. బీఎస్-4లో ఈ రెండూ సగమై 250, 25కు దిగాయి. 2020లో వచ్చిన బీఎస్-6లో 80, 4.5 మాత్రమే.

దీన్ని బట్టి చూస్తే, 2012లో ఢిల్లీలో రిజిస్టరైన డీజిల్ కారు బీఎస్-4 అయి ఉంటుంది. అదే ఏడాది శ్రీకాకుళంలో ఏపీ 30 నంబరుతోనో, విజయనగరంలో ఏపీ 35 నంబరుతోనో రోడ్డెక్కిన అదే మోడల్ బీఎస్-3 కావడానికి అవకాశం ఎక్కువ. ఒకే వీధిలో ఈ రెండూ పక్కపక్కన నిలబడితే, తక్కువ పొగ వదిలేది బయటి నుంచి వచ్చిన బండే. పన్ను చీటీ మాత్రం దాని పేరు మీదే వస్తుంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. అందుకోసం ఎన్‌ఓసీ తెచ్చుకుని దరఖాస్తు చేసుకున్నవారు లైఫ్ ట్యాక్స్, అంటే బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే పన్ను, కట్టాలి. కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసు పెరిగేకొద్దీ తగ్గే శాతం ప్రకారం ఈ పన్ను పడుతుంది. బండి పెట్రోలుదా, డీజిల్‌దా, బీఎస్ ఎంత అన్నవి ఈ లెక్కలోకి రావు.

కొనుగోలుదారుల వాదనను ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మారుతి వంటి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేయడంతో చిన్న డీజిల్ కారు కావాలనుకునేవారికి పాతదే గతి. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖ ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్లేవారికి, పెళ్లిళ్లకు, అరసవల్లి యాత్రలకు బండి తిప్పుకుని బతికేవారికి మైలేజీ అన్నది లాభనష్టాల మధ్య గీత. ఢిల్లీలో మొదటి యజమాని డీజిల్ కారు కాబట్టి పెట్రోలు కారుకంటే నాలుగో వంతు ఎక్కువ రోడ్డు పన్ను కట్టే ఉంటాడు. అందులో మిగిలిన కాలానికి వెనక్కి రావలసిన సొమ్ము కోసం అక్కడి కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. మూడు చేతులు మారిన బండి విషయంలో అది ఇక్కడి కొనుగోలుదారుడి చేతికి అందడం కష్టం. తక్కువ పొగ వదిలే బండి తెచ్చినందుకు కొత్తగా పన్ను కట్టాల్సి వస్తోందని, పక్కింటి బీఎస్-3 కారుకు పదిహేనేళ్లు నిండేవరకు ఆ బాధే లేదని వారు చెబుతున్నది లెక్కకు నిలిచే మాటే.

లైఫ్ ట్యాక్స్ ఈ రాష్ట్ర రోడ్లు వాడుకున్నందుకు కట్టేదని, వాహన పన్ను రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చిన అధికారమని, ఇది కాలుష్య రుసుము కాదని రవాణా శాఖ వైపు నుంచి వచ్చే సమాధానం. చట్టప్రకారం అది నిజమే.

మరి కాలుష్యం పేరుతో వసూలు చేసేదైనా కాలుష్యాన్ని కొలుస్తుందా అంటే, అదీ లేదు. పదిహేనేళ్లు దాటిన సొంత వాహనాలకు పడే హరిత పన్ను వయసును చూస్తుంది గాని పొగను చూడదు. పెట్రోలు బంకు పక్కన నిలిపిన వ్యానులో ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతీ అంతే. పొగగొట్టంలో గొట్టం పెట్టి, యాక్సిలరేటర్ నాలుగైదు సార్లు గట్టిగా తొక్కించి, పొగ ఎంత నల్లగా ఉందో యంత్రం చూస్తుంది. బీఎస్-3 వరకు 65, బీఎస్-4కు 50 యూనిట్లు పరిమితి. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లను డీజిల్ బండిలో ఆ పరీక్ష కొలవదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆ వాయువుకు సంబంధించి మన చేతిలో ఉన్న ఆధారం ఆర్‌సీ కార్డు మీద అచ్చయిన బీఎస్ అంకె ఒక్కటే.

పాత డీజిల్ కార్లను బ్రిటన్ నుంచి పెద్దఎత్తున దిగుమతి చేసుకున్న ఐర్లాండ్ ఇదే ప్రశ్నకు వేరే జవాబు వెతికింది. అక్కడ 2008లో రిజిస్ట్రేషన్ పన్నును కార్బన్ డయాక్సైడ్‌కు ముడిపెట్టారు. డీజిల్‌కు ఆ వాయువు తక్కువ కాబట్టి జనం డీజిల్ వైపే మళ్లారు. ఆ పొరపాటును దిద్దుకోవడానికి 2020 జనవరి నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లపై మిల్లీగ్రాముల చొప్పున రుసుము పెట్టారు. 2020లో మొదటి 60 మిల్లీగ్రాములకు అయిదేసి యూరోలు, తర్వాతి 20కి పదిహేనేసి, ఆపైన ఇరవై అయిదేసి. మన బీఎస్-4 పరిమితికి సమానంగా 250 మిల్లీగ్రాములు వదిలే కారుకు ఆ లెక్కన 4,850 యూరోలు పడేవి. డీజిల్ కారుకు అక్కడ పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా అదే. 80 మిల్లీగ్రాముల కారుకు అప్పుడు 600తో సరిపోయేది. పొగ ఎక్కువైతే పన్ను ఎక్కువ అన్న సూత్రం అక్కడ అంకెల్లోనే కనబడుతుంది.

మన దేశంలోనూ 2021 జనవరిలో కేంద్ర రవాణా శాఖ, ఇంధనాన్ని బట్టి హరిత పన్నులో తేడా ఉండాలని, కాలుష్యం ఎక్కువగా ఉన్న నగరాల్లో రిజిస్టరైన వాటికి రోడ్డు పన్నులో సగం దాకా వేయాలని, వచ్చిన డబ్బును విడిగా ఉంచి కాలుష్య నివారణకే వాడాలని ప్రతిపాదించి, రాష్ట్రాల అభిప్రాయం కోసం పంపింది. అందులో కూడా ఎక్కువ పన్ను పడేది రద్దీ నగరంలో ఉన్న బండికే. ఆ నగరం వదిలి మన వైపు వచ్చిన బండికి పన్ను తగ్గుతుందే గాని పెరగదు. 2016 నాటి ఆలోచనే ఇక్కడా కొనసాగింది.

ఇప్పుడు డిసెంబరు ఉత్తర్వు ఈ ప్రవాహం తీరునే మార్చబోతోంది. బీఎస్-4 బండికి ఢిల్లీలోనే రక్షణ దొరికింది కాబట్టి దాన్ని చవకగా వదిలించుకోవలసిన తొందర యజమానికి తగ్గుతుంది. తొందర మిగిలేది బీఎస్-3, అంతకు ముందువాటికే. ఢిల్లీలో బీఎస్-3 డీజిల్ కార్ల అమ్మకం 2010తో ముగిసింది గనుక అవన్నీ పదిహేనేళ్ల అంచు దాటినవే. అలాంటిదానికి ఎన్‌ఓసీ దొరికి ఇక్కడికి చేరితే, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి పెంచిన రూ.5,000 రుసుము (ఇరవై ఏళ్లు దాటని బండికి), హరిత పన్ను కట్టాలి. లైఫ్ ట్యాక్స్ మాత్రం వయసు ఎక్కువ కాబట్టి, అదే ధర పలికిన 2014 బీఎస్-4 కారుకంటే తక్కువే పడుతుంది. లైఫ్ ట్యాక్స్ శ్లాబుల్లో వయసుతో పాటు ఆర్‌సీ మీది బీఎస్ అంకెను కూడా చేర్చడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు, కొత్త పరీక్షలు అక్కరలేదు. పన్నుల చట్టంలోని షెడ్యూలును సవరిస్తే చాలు, ఆ అధికారం పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానిదే.