లండన్ పోస్టల్ జిల్లాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నంబరు చిన్నదైతే సిటీ నడిబొడ్డుకు దగ్గర.

లండన్ పోస్ట్‌కోడ్ మొదట్లో కనిపించే ఎస్ఈ 1 లాంటివే పోస్టల్ జిల్లాలు; ఎస్ఈ అంటే సౌత్ ఈస్ట్, ఎస్‌డబ్ల్యూ అంటే సౌత్ వెస్ట్. అద్దె ఇల్లు వెతికేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఎస్ఈ 1 థేమ్స్ ఒడ్డున ఉంది కాబట్టి ఎస్ఈ 2 దాని పక్కనే అనుకుంటారు. ఎస్ఈ 2 అంటే అబీ వుడ్, ఎక్కడో తూర్పు కొసన. ఈ నంబర్లు దూరాన్నిబట్టి వేసినవి కావు. 1917లో, యుద్ధం రోజుల్లో, ప్రధాన పోస్టాఫీసున్న ప్రాంతానికి 1 ఇచ్చి మిగతావాటికి పేర్ల అక్షర క్రమంలో వేసుకుంటూ పోయారు. అబీ వుడ్ 2, బ్లాక్‌హీత్ 3, బ్రాక్లీ 4, క్యాంబర్‌వెల్ 5. ఎస్‌డబ్ల్యూలో మాత్రం వరస మధ్యలో మరో ప్రధాన ఆఫీసుతో మళ్లీ మొదలవుతుంది: బాటర్‌సీ 11, బాలమ్ 12, బార్న్స్ 13.

అపోహ: పోస్టల్ జిల్లా తెలిస్తే కౌన్సిల్ తెలిసినట్టే.

ఎస్ఈ 19 ఒక్కటే బ్రామ్లీ, క్రాయిడన్, లాంబెత్, సదర్క్ అనే నాలుగు బరోల్లోకి, అంటే నాలుగు స్థానిక కౌన్సిళ్ల పరిధుల్లోకి పాకింది. కౌన్సిల్ టాక్స్‌కీ పార్కింగ్ పర్మిట్‌కీ బరోయే లెక్క. అందుకే ప్రభుత్వ వెబ్‌సైట్లో పూర్తి పోస్ట్‌కోడ్ కొట్టి చూడాలి. ఒకే కోడ్ రెండు బరోల్లో పడితే ఇంటి నంబరుతో సహా చూసుకోవాలి.

అపోహ: గ్రేటర్ లండన్‌లో ఉంటే అడ్రసులో లండన్ అని రాయాలి.

1965లో నగరం హద్దులు పెరిగాయి గానీ పోస్టల్ హద్దులు వాటితో కదల్లేదు. రామ్‌ఫర్డ్ ఇప్పుడు లండన్ బరోలోనే ఉంది, కానీ దాని పోస్ట్ టౌన్ (అడ్రసులో రాయాల్సిన ఊరి పేరు) రామ్‌ఫర్డే. బిగిన్ హిల్ బ్రామ్లీ బరోలో ఉన్నా, పోస్ట్ టౌన్ కెంట్‌లోని వెస్టరమ్. ఇక కౌంటీ పేరంటారా, రాయనక్కర్లేదు. పోస్ట్ టౌన్ పెద్ద అక్షరాల్లో, దాని కింది లైన్లో పోస్ట్‌కోడ్ ఒక్కటే ఉండాలి. కోడ్‌లో ఖాళీ తర్వాత వచ్చేది ఎప్పుడూ అంకె, ఆపైన రెండు అక్షరాలు. అక్కడ గుండ్రంగా కనిపించేది సున్నాయే, 'ఓ' కాదు.

అపోహ: వీధి బోర్డు మీదున్న జిల్లా అక్షరాలు చూసి రాసుకుంటే సరిపోతుంది.

హ్యాక్నీ వైపు కొన్ని పాత బోర్డుల మీద ఇంకా ఎన్ఈ (నార్త్ ఈస్ట్) అని ఉంటుంది. ఆ జిల్లాను 1866లోనే 'ఇ' (ఈస్ట్) జిల్లాలో కలిపేశారు. 1868లో ఎస్ (సౌత్) జిల్లాను ఎస్ఈ, ఎస్‌డబ్ల్యూలకు పంచారు. ఇప్పుడు పోస్ట్‌కోడ్‌లో ఎన్ఈ న్యూకాజిల్ నగరానిది, ఎస్ షెఫీల్డ్‌ది.