ఎర్ర బిళ్ల తిరుగు టపా

కర్నూలులో నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నెల రోజులుగా నన్ను వదలడం లేదు. రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రిలో డ్యూటీ దిగి, కె.సి. కాలువ గట్టు మీదుగా సైకిల్ మీద ఇంటికి చేరుతుందట. పెద్ద రోడ్డు మీద లారీల భయం, గట్టు మీద చీకటి భయం. “వెనక వచ్చే బండికి కనబడాలి, తెల్ల చున్నీ వేసుకో అంటుంది అమ్మ. కల్వర్టు మీద కూర్చునేవాళ్ల కళ్లలో పడకూడదు, నల్ల స్వెటర్ వేసుకో అంటాడు నాన్న. ఎవరి మాట వినమంటారు సార్?”

ముప్పై ఏళ్లు కాంతి పాఠం చెప్పాను. ఇంత మంచి ప్రశ్న తరగతిలో ఒక్కరూ అడగలేదు. అమ్మ చెప్పిందీ నిజమే, నాన్న చెప్పిందీ నిజమే. ఒకరికి కనబడుతూ, ఆ పక్కనున్నవాడికి కనబడకుండా ఉండే వస్తువు దొరికితే తప్ప ఈ తగవు తీరదు. ఆ వస్తువు సైకిల్ కొన్ననాటి నుంచీ వెనక మడ్‌గార్డు మీదే ఉంది. ఎర్ర బిళ్ల!

బ్రేకులు, బెల్లు, హెల్మెట్ గురించి నేను చెప్పబోవడం లేదు. అవి అందరికీ తెలిసినవే, ఎవరూ పట్టించుకోనివే. బిళ్ల సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకుందాం.

తెల్ల చున్నీ మీద పడిన వెలుగు పెళ్లిలో అక్షింతల్లా చెదిరిపోతుంది. కాస్త బండివాడికి, కాస్త కాలువ నీళ్లకు, కాస్త కల్వర్టు మీద కూర్చున్నవాడికి. నల్ల స్వెటర్ వచ్చిందంతా మింగేస్తుంది, ఎవరికీ పెట్టదు. మామూలు అద్దం అందుకున్నదంతా ఒకే దిక్కుకు ఇస్తుంది గానీ, ఆ దిక్కు ఏదన్నది అద్దం వాలును బట్టి ఉంటుంది. కొంచెం పక్కకు తిరిగి ఉందంటే వెలుగు తుమ్మచెట్ల పాలవుతుంది. ఎర్ర బిళ్ల వీటిలో దేనిలాగానూ ప్రవర్తించదు. వెలుగు ఎటునుంచి వస్తే అటే పంపుతుంది. పంపినవాడికే తిరుగు టపా.

ఎలా సాధ్యం? క్యారమ్ బోర్డు దగ్గరికి రండి. స్ట్రైకరును మూల వైపు ఏటవాలుగా కొట్టండి, గుంతలో పడకుండా దానికి కాస్త ఇవతల అంచుకు తగిలేలా. మొదటి అంచుకు తగలగానే స్ట్రైకరుకు కుడి నుంచి ఎడమకున్న పరుగు తిరగబడుతుంది. అక్కడి నుంచి పక్క అంచుకు తగిలితే ముందుకున్న పరుగు కూడా వెనక్కి తిరుగుతుంది. రెండూ తిరగబడ్డాక అది ఏం చేస్తుంది? వచ్చిన దారికి సమాంతరంగా మీ వైపే వస్తుంది. మీరు ఏ కోణంలో కొట్టారన్నదానితో నిమిత్తం లేదు. మహిమ అంతా ఆ రెండు అంచుల మధ్యనున్న 90 డిగ్రీలది. పౌడరు తక్కువై రాపిడి పెరిగినా, స్ట్రైకరు గిర్రున తిరిగినా దారి కొంచెం తప్పుతుంది. వెలుగుకు ఆ బాధ లేదు.

ఇప్పుడు అదే ఆటను గది మూలకు తీసుకుపోదాం. రెండు గోడలు, నేల కలిసే చోటు. మూడింటికీ అద్దాలు తాపడం చేశామనుకోండి. ఒక గోడ తూర్పు-పడమరల పరుగును తిప్పుతుంది, రెండోది ఉత్తర-దక్షిణాలను, నేల పైకీ కిందికీ ఉన్నదాన్ని. బీజగణితంలో చెప్పాలంటే (అ, ఆ, ఇ) దిశలో వచ్చిన కిరణం మూడు దెబ్బలు తిని (–అ, –ఆ, –ఇ) దిశలో పోతుంది. ముందు ఏ గోడకు తగిలింది, తర్వాత ఏది అన్న వరుస ఆరు రకాలుగా ఉండవచ్చు. ఆరింటిలోనూ జవాబు ఒక్కటే. ఎర్ర బిళ్లను ఊడదీసి వెనక వైపు భూతద్దంతో చూడండి, తేనెపట్టులా గడులు కనబడతాయి. ఒక్కో గడి ఒక్కో గది మూల.

నమ్మకం కుదరకపోతే పటాలు కట్టే కొట్లో మూడు అద్దం ముక్కలు అడిగి తెచ్చి, ఒకదానికొకటి లంబంగా అతికించి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూడండి. మూడు అద్దాలు కలిసే బిందువు దగ్గర మీ కన్నే ఉంటుంది. తల ఎటు జరిపినా అది అక్కడే ఉండి మిమ్మల్నే చూస్తుంది. మన పిల్లలకు ఈ సరదా లేకుండా చేశాం. వాలు అద్దాల మధ్య ఎన్ని ప్రతిబింబాలు అంటే 360ని కోణంతో భాగించి ఒకటి తీసేయడం వాళ్లకు నిద్రలో కూడా వచ్చు. అద్దం ముట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ కనబడడు.

ఇదే బిళ్ల చంద్రుడి మీదా ఉంది. 1969లో అపోలో 11 యాత్రికులు అక్కడ వంద గాజు మూలలున్న పలకను వదిలి వచ్చారు. భూమి మీద నుంచి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరుగు టపా వస్తుంది. దాన్ని బట్టే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు మన నుంచి దూరంగా జరుగుతున్నాడని తేలింది. ఆ పలకలోని ఒక్కో గాజు మూల వెడల్పు కూడా సరిగ్గా 3.8 సెంటీమీటర్లే, కాకతాళీయంగా. మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా ఎనిమిది మూలలున్న చిన్న గుమ్మటం ఉంది, నాసా ఇచ్చింది. 2023 డిసెంబర్ 12న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న అమెరికా నౌక లేజర్ కొడితే విక్రమ్ నుంచి వెలుగు తిరిగి వచ్చింది. ఆ అమ్మాయి మడ్‌గార్డు మీద ఉన్నది దీని పేద చుట్టమే.

చుట్టం పేదదవడమే ఇక్కడ మేలు. మూల మరీ కచ్చితంగా ఉంటే వెలుగు సూటిగా హెడ్‌లైట్‌లోకే తిరిగిపోతుంది. చూసే కన్ను హెడ్‌లైట్‌లో లేదు, దానికి అరమీటరు పైన ఉంది. ప్లాస్టిక్ అచ్చులో ఉండే చిన్న చిన్న తేడాల వల్ల తిరిగి వచ్చే వెలుగు సన్నటి గొట్టంలా కాక, మొన సన్నగా ఉన్న గరాటులా వస్తుంది. ఆ గరాటులో డ్రైవరు కన్ను పడుతుంది. గరాటు అర్ధకోణం, అంటే నడిమి గీత నుంచి అంచుకు ఉన్న కోణం, ఒక డిగ్రీ అనుకుని లెక్క వేశాను. అంతే వెలుగు పడిన తెల్ల గుడ్డ ముక్కకంటే బిళ్ల మూడు వేల రెట్లకు పైగా మెరవాలి. ఎర్ర రంగు మింగేది, గీతలు పడినది తీసేసినా వందల రెట్లు మిగులుతుంది. అదే సమయంలో పది అడుగులు పక్కన కల్వర్టు మీద ఉన్నవాడికి ఆ గరాటులో చోటు లేదు. అతనికి ఆ బిళ్ల నల్లటి ముక్క.

అయితే అందరు డ్రైవర్లకూ ఒకే వాటా దక్కదు. మోటారు సైకిల్, కారు నడిపేవాళ్ల కన్ను దీపానికి అరమీటరు పైన ఉంటుంది. వంద మీటర్ల దూరంలోని బిళ్ల నుంచి చూస్తే అది డిగ్రీలో మూడో వంతు లోపే. లారీలో ఆ ఎత్తు ఒకటిన్నర మీటరు అనుకుంటే అదే దూరంలో 0.86 డిగ్రీలు, యాభై మీటర్లకు వచ్చేసరికి 1.7 డిగ్రీలు. అంటే లారీ దగ్గరయ్యేకొద్దీ దాని డ్రైవరు గరాటులోంచి బయటికి జారిపోతాడు. పెద్ద రోడ్డు దాటే ఆ కాసేపు బిళ్లను నమ్ముకోకూడదు, వెనక ఎర్ర దీపం వెలగాల్సిందే.

ఇంకో సంగతి, ఇది నాకు ప్రాణం. బిళ్ల వెనక పాదరసం పూత, వెండి పూత ఏమీ ఉండవు. వెలుగు ప్లాస్టిక్‌లోంచి గాలిలోకి పోబోయి, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల వెనక్కి తిరుగుతుంది. ఆ ప్లాస్టిక్ యాక్రిలిక్, వెలుగును ఎంత వంచుతుందో చెప్పే దాని వక్రీభవన గుణకం 1.49. గాలితో దాని సందిగ్ధ కోణం, అంటే అది దాటితే వెలుగు బయటికి పోలేని హద్దు, 42 డిగ్రీలు. ఎదురుగా వచ్చిన కిరణం మూల గోడలకు, లంబం నుంచి కొలిస్తే, 54.7 డిగ్రీల వద్ద తగులుతుంది. 42 కంటే ఎక్కువ, కాబట్టి మొత్తం వెనక్కి. ఇప్పుడు బిళ్ల అంచు పగిలి వాన నీళ్లు లోపలికి చేరాయనుకోండి. ప్లాస్టిక్ వెనక గాలి బదులు నీరు. సందిగ్ధ కోణం 63 డిగ్రీలకు లేచి కూర్చుంటుంది. 54.7 దానికి చాలదు. వెలుగు నీళ్లలోకి కారిపోతుంది, బిళ్ల చచ్చినట్టే. పగలు చూస్తే ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది, అదే మోసం. దుమ్ము సంగతి సరేసరి. వెలుగు దుమ్ములోంచి రెండుసార్లు పోవాలి, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. సగం ఆపే దుమ్ము ఉంటే మిగిలేది పావు వంతు. కర్నూలు ఎండాకాలపు గాలిలో తిరిగే సైకిల్‌కు వారానికి ఒకసారి తడిగుడ్డ తప్పదు.

స్టిక్కర్లు అంటించే కొట్టుకు వెళితే “రేడియం కావాలా సార్?” అంటారు. రేడియం 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న మూలకం. ఒకప్పుడు గడియారం ముళ్లకు దాన్ని కలిపిన రంగు పూసేవారు, చీకట్లో తనంతట తానే వెలిగేది. ట్రాక్టరు ట్రాలీకి, ఎద్దుల బండి చెక్కకు అంటించే స్టిక్కరులో ఆ రేడియం అణువంత కూడా లేదు. ఉన్నవి సన్నటి గాజు పూసలు, లేకపోతే పైన చెప్పిన మూలలే. ఈ పేరు మీద నాకు కోపం ఎందుకంటే, రేడియం అనగానే అది తనకు తానే వెలుగుతుందనుకుంటారు. వెలగదు. ఎవరో దీపం వేయాలి. దీపం లేని సైకిల్ ఎదురుగా వస్తే, దీపం లేని గేదె అడ్డంగా నిలబడితే మీ రేడియం ఎందుకూ పనికిరాదు.

అందుకని ముందు దీపం కావాలి. దీపం వేస్తే కల్వర్టువాళ్లకు కనబడనా అని అమ్మాయి సందేహం. కనబడేది దీపం, నువ్వు కాదమ్మా. చీకటికి అలవాటు పడిన కంటికి ఎదురుగా దీపం వస్తే దాని వెనక ఉన్నది ఆడమనిషో మగమనిషో ఆనదు. దాటి వెళ్లాక కూడా చీకట్లో చూసే కంటి కడ్డీ కణాలకు పూర్తి చూపు రావడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. అదే కారణం చేత నీ ఫోను తెర దారిలో చూడకు, ఆ నష్టం నీకే. మా చిన్నప్పుడు డైనమో దీపాలుండేవి, చక్రం ఆగితే దీపమూ ఆగేది, సరిగ్గా భయమేసిన చోట. ఇప్పటి బ్యాటరీ దీపాలకు ఆ జబ్బు లేదు. దీపాన్ని ఎదుటివాళ్ల ముఖంలోకి కాకుండా నేల మీదికి వంచుకో, గుంతలు నీకు కనబడాలి కదా. ఫోనులో 112 ఒక్క నొక్కుకు దొరికేలా పెట్టుకో, ఎక్కడున్నావో ఇంట్లో తెలిసేలా చూసుకో. గట్టు మీద స్తంభాల దీపాలు వెలిగించాల్సినవాళ్లను అడగడం మాత్రం నీ ఒక్కదాని పని కాదు.

పెడళ్లకు ఉండే పసుపు బిళ్లలను ఊడిపోనివ్వకూడదు. 1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ నల్ల దుస్తులు వేసిన మనిషి కీళ్లకు మాత్రమే వెలుగు చుక్కలు పెట్టి చీకట్లో నడిపించాడు. ఆగి ఉంటే చుక్కలు, కదిలితే క్షణంలో మనిషి. కదలని ఎర్ర చుక్క రాయి మీద స్టిక్కరో, గేటో కావచ్చు. పైకీ కిందికీ ఆడే రెండు పసుపు చుక్కలు మనిషి కాళ్లు తప్ప మరొకటి కాలేవు. గట్టు మీద నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆటోవాడికి తేరుకోవడానికి ఒకటిన్నర సెకను పడితే, బ్రేకు తొక్కేలోపే పదిహేడు మీటర్లు పోతుంది. మట్టి మీద బండి ఆగడానికి ఇంకో ఇరవై. ఆ ముప్పై ఏడు మీటర్లకు అవతలే అతనికి మనిషి అని తెలియాలి.

కుక్కలు తరిమితే తొక్కే కొద్దీ వెంటపడతాయి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టి నిలబడితే చాలాసార్లు వాటికి ఆసక్తి పోతుంది. రాత్రి దూరంగా రెండు పచ్చటి కళ్లు వెలిగితే మా అవ్వ కొరివి దెయ్యమని కొంగు ముడి వేసుకునేది. కుక్క, మేక, నక్క కళ్లలో రెటీనా వెనక మెరిసే పొర ఒకటి ఉంటుంది. కటకం వెలుగును ఆ పొర మీదికి చేరుస్తుంది, పొర అదే దారిన వెనక్కి పంపుతుంది. అదీ తిరుగు టపాయే. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డు మధ్యన పాతే గాజు బిళ్లలకు పేటెంటు తీసుకుని వాటికి పిల్లి కళ్లనే పేరు పెట్టాడు.

ఇదంతా రాసే ముందు ఒకసారి సరిచూసుకుందామని మొన్న మా కూతురి కొడుకును వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లాను. అరవై అడుగుల దూరంలో సైకిల్ నిలబెట్టాం. వాడు టార్చిని కణత దగ్గర ఆనించి పట్టుకున్నాడు, నేను పది అడుగులు పక్కన కల్వర్టు మీద కూర్చున్నాను. “వెలిగింది తాతా, నిప్పు కణికలాగ!” అన్నాడు. నాకు సైకిలే సరిగా ఆనలేదు. అంతలో వాడు టార్చి కాస్త పక్కకు తిప్పి, గొంతు తగ్గించి, “తాతా, సైకిల్ వెనక ఇంకో రెండు ఉన్నాయి, పచ్చగా” అన్నాడు. నేను ఎంత కళ్లు చిట్లించినా చీకటి తప్ప ఏమీ లేదు. గుర్రుమన్న చప్పుడు మాత్రం ఇద్దరికీ వినిపించింది.