కోతలయ్యాక గడ్డి ఎందుకు కుళ్లదు?

పద్మనాభం దగ్గర మావయ్య వాళ్ల చేలో వరి కోతలయ్యి నెలన్నర. ఈసారి మెషిన్‌తో కోయించారు, తర్వాతి పంట దున్నకుండానే వేద్దామని గడ్డిని చేలోనే వదిలేశారు. జనవరిలో విశాఖ నుంచి వెళ్లి చూస్తే ఆ గడ్డి నిన్న కోసినట్టే ఉంది, విరిస్తే పుటుక్కుమంటోంది. కానీ గట్టు పక్కన కోతకి ముందు ఉలవలు చల్లిన చోట తీగని పక్కకి తీస్తే గడ్డి నల్లబడి తడిగా ఉంది, వేళ్ల మధ్య నలిగిపోతోంది, దాని మీద సన్నగా తెల్లటి బూజు పోగులు. చేను ఒకటే, వడ్లూ ఒకటే, మధ్య దూరం నాలుగడుగులు!

గడ్డిని కుళ్లబెట్టేది సూక్ష్మజీవులు, వాటికి తిండి సరిపడాలి. కర్బనం 24 పాళ్లుంటే నత్రజని ఒక పాలైనా ఉండాలి. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనం 60 పాళ్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది, పైగా గడ్డిని గట్టిగా ఉంచే సిలికా ఒకటి. దున్నితే గడ్డి మట్టిలో కలిసి తడీ సూక్ష్మజీవులూ రెండూ అందుతాయి, దున్నకపోతే పైన ఎండుతూ కూర్చుంటుంది. అయినా బూజు ఊరుకోదు, నేలలోని నత్రజనిని తన పోగుల్లోంచి పైన ఉన్న గడ్డిలోకి మోసుకెళ్తుంది. ఆ సమయంలో మొక్కజొన్న ఉంటే దానికి కరువే, కింది ఆకులు కొస నుంచి నడి ఈనె వెంబడి పసుపెక్కుతాయి. రైతుకి టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

ఉలవ, పిల్లిపెసర, జనుము లాంటి పప్పుజాతి మొక్కలు నేలని కప్పినప్పుడు మొదట జరిగేది నీడ. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో రాత్రి పడే మంచు ఎండు చేలో పొద్దెక్కేసరికి ఆరిపోతుంది, ఆకుల కింద మాత్రం ఆ తడి చాలాసేపు నిలుస్తుంది, వానపాములు పైకొస్తాయి. నత్రజని సంగతి వేరు. తీగ బతికున్నంత కాలం దాన్ని చాలావరకు తనలోనే దాచుకుంటుంది, కోసి గడ్డి మీద పరిచాక లేత ఆకు కొన్ని వారాల్లోనే కరిగి ఆ నత్రజని కింద ఉన్న గడ్డికీ మట్టికీ అందుతుంది.

అలాగని ఏది వేసినా పని జరగదు. ముదిరిన జొన్న, సజ్జ కోసి పరిస్తే అవీ ఎండుగడ్డిలాంటివే, కుళ్లడం ఇంకా నెమ్మదిస్తుంది. జనుమైనా పూత దాటి ముదిరితే కాడ నారగా మారి మొండికేస్తుంది. నేలలో తడి తక్కువున్న చోట పచ్చని పంట ఉన్న కాస్త నీరూ తాగేస్తే గడ్డికి మిగిలేదేం ఉండదు.

అసలు గడ్డి అంతా త్వరగా మాయమైపోవాలనీ నేను అనుకోను. మే ఎండల్లో నేలకి ఆ మాత్రం కప్పు ఉండాలి కదా, లేకపోతే మట్టి కాలిపోతుంది. అందుకే పప్పుజాతి ఒక్కటే కాకుండా కొంచెం సజ్జ కూడా కలిపి చల్లడం నాకు నచ్చుతుంది, ఒకటి గడ్డిని కుళ్లబెడుతుంది, ఇంకోటి నేల మీద నిలుస్తుంది. వచ్చే ఏడాది ఎకరం మొత్తం అలాగే చల్లుతానన్నాడు మావయ్య. జనుముకి పూత కనబడగానే కొడవలి పట్టాలి, ఇంకో వారం ఆగుదామనుకోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాను.